పిల్లి గెలిస్తే... ఇల్లంతా పండగే!

తెల్లవారకముందే ఆ ఇంట్లో హడావుడి మొదలవుతుంది. అమ్మ దువ్వెన పట్టుకుని కూర్చుంటుంది. నాన్న కారులో సంచులు సర్దుతుంటాడు. టీకాల కార్డు పెట్టామా లేదా అని పిల్లలు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ఇంతా చేసి వెళ్లేది పెళ్లికి కాదు, పిల్లుల పోటీకి! మన దగ్గర పిల్లి ఎదురొస్తే కాసేపు ఆగి బయల్దేరేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్రిటన్‌లోనేమో పిల్లి కోసమే సెలవురోజున ఊళ్లు దాటి వెళ్లే కుటుంబాలున్నాయి. జాతి పిల్లుల్ని ఇంట్లోనే పెంచడం, వాటి సంతానాన్ని సాకడం, షోలకు తీసుకెళ్లడం... వాళ్లకదో ఇంటిల్లిపాది సరదా.

హాల్లోకి వెళ్లగానే ముందు పశువైద్యుడి పరీక్ష. ఒంటిమీద పేలున్నా, ముక్కు కారుతున్నా వచ్చినదారినే తిరిగి వెళ్లాల్సిందే. నెగ్గితే ఓ బోను ఇస్తారు. అందులో పరిచే దుప్పటి తెలుపు, నీళ్ల గిన్నె తెలుపు, మట్టి తొట్టి కూడా తెలుపే. బోను మీద నంబరు తప్ప పేరుండదు. ఎవరి పిల్లో జడ్జికి తెలియకూడదని ఈ ఏర్పాటు. సంప్రదాయ పద్ధతిలో జరిగే షోల్లో అయితే ప్రధాన పోటీలప్పుడు యజమానుల్ని బయటికి పంపించేస్తారు కూడా. జడ్జీ, సహాయకుడూ ఓ చక్రాల బల్ల తోసుకుంటూ బోను బోనుకీ వెళ్లి పిల్లిని బయటికి తీసి చూస్తారు. తల ఆకారం, చెవులు, కంటి రంగు, బొచ్చు, తోక... జాతిని బట్టి దేనికెన్ని మార్కులో ముందే రాసి ఉంటుంది. మొత్తం నూరు. ముగ్గురు వేర్వేరు జడ్జీల దగ్గర యోగ్యతా పత్రాలు తెచ్చుకున్న పిల్లి 'ఛాంపియన్'. ఇంత కష్టపడితే చేతికొచ్చేది చాలాసార్లు ఓ రిబ్బను పువ్వు, ఓ కాగితం. అయినా సరే, దాన్ని చూసుకుని పొంగిపోతారు.

ఈ సరదాకి నూటయాభై ఏళ్లు దాటాయి. 1871 జులై 13న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వైర్ అనే చిత్రకారుడు పెద్ద ఎత్తున పిల్లుల ప్రదర్శన పెట్టాడు. ఎలుకల్ని పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకునే జీవిని జనం ముచ్చటగా చూడాలన్నది ఆయన కోరిక. అది తీరింది, జనం విరగబడి వచ్చారు. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్ ఏర్పడితే ఆయనే తొలి అధ్యక్షుడయ్యాడు. తరవాత ఆయనే విసిగిపోయి తప్పుకున్నాడు. క్లబ్బులో చాలామందికి పిల్లి బాగోగుల కన్నా బహుమతుల మీదే ధ్యాస ఎక్కువైందన్నది ఆయన బాధ. 1910లో జీసీసీఎఫ్ అనే సంస్థ వచ్చి బ్రిటన్‌లో వంశావళుల నమోదు, షోల నియమాలు ఓ దారికి తెచ్చింది. వైర్ పట్టుకున్న ఆ జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు.

వంటింటి త్రాసు... బంగారు తల్లి!

అసలు పని జరిగేది ఇంట్లో. పిల్లి చూలు తొమ్మిది వారాలు. ఆ లెక్క దగ్గరపడితే ఇంట్లో ఎవరో ఒకరు రాత్రంతా మేలుకోవాల్సిందే. పుట్టిన కూన బరువు సుమారు వంద గ్రాములు. పిండి తూచే త్రాసులోనే రోజూ కూనల్ని తూచి, నోటుబుక్కులో రాస్తారు. బరువు పెరగకపోతే ప్రమాదమన్నమాట. తల్లి దగ్గర పాలు చాలకపోతే రెండేసి గంటలకోసారి సీసాతో పట్టాలి. పిల్లలకు అప్పజెప్పే పని వేరే ఉంది... కూనలతో ఆడుకోవడం! రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనిషి చేతుల్లో పెరిగిన కూన పెద్దయ్యాక బెదరదు. బళ్లో ఏ హోంవర్కూ ఇంత ఇష్టంగా చేసి ఉండరు.

అన్నీ ముచ్చట్లే కాదు. బ్రిటిష్ షార్ట్‌హెయిర్ లాంటి జాతుల్లో చక్కగా పుట్టిన కూనలు ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోయి చనిపోతుంటాయి. కారణం తల్లిపాలే! పిల్లుల్లోనూ రక్తం గ్రూపులున్నాయి. తల్లిది బి, తండ్రిది ఎ అయితే ఎ గ్రూపుతో పుట్టిన కూనల ఎర్ర రక్తకణాల్ని తల్లి ముర్రుపాలలోని యాంటీబాడీలు నాశనం చేస్తాయి. ముందే పరీక్ష చేయిస్తే ఇది తెలిసిపోతుంది. జత మార్చుకోవచ్చు, లేదంటే తొలిరోజు కూనల్ని తల్లికి దూరంగా ఉంచి పోతపాలు పట్టి బతికించుకోవచ్చు. తల్లి ఓ గదిలో, కూనలు ఇంకో గదిలో... ఆ ఒక్కరోజు ఇంట్లో ఎవరికీ కునుకుండదు.

ఇంతకన్నా కఠిన పరీక్ష పర్షియన్ పిల్లులు పెంచేవాళ్లకు ఎదురైంది. వాటి మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య వ్యాధి ఒకటుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికున్నా కూనల్లో సగానికి వచ్చే అవకాశం ఉంది. వివిధ దేశాల్లో పరీక్షించినప్పుడు పర్షియన్లలో మూడో వంతుకు పైగా దీని బారిన పడినట్లు తేలింది. బయటికేమీ కనిపించదు. బొచ్చు నిగనిగలాడుతూనే ఉంటుంది, బహుమతులు వస్తూనే ఉంటాయి. లక్షణాలు బయటపడేసరికి ఆ పిల్లికి మనవలు, మునిమనవలు కూడా పుట్టేస్తారు. 2004లో కారణమైన జన్యులోపాన్ని గుర్తించడంతో చెంప లోపలి నుంచి తీసిన నమూనాతోనే సంగతి తెలుసుకునే వీలు కలిగింది. ఇక కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిలా ఉండటం కుదరదు. ఏళ్లతరబడి కూడబెట్టుకున్న వంశం, గోడనిండా రిబ్బన్లు, పిల్లలతో కలిసి పెరిగిన ఛాంపియన్... ఫలితం చెడుగా వస్తే ఆ వంశాన్ని అక్కడితో ఆపేయాలి. ఆపినవాళ్లు చాలామందే ఉన్నారు. పరీక్ష వచ్చాక పుట్టిన కూనల్లో ఆ జబ్బు తగ్గుతూ రావడానికి వాళ్లే కారణం.

స్కాటిష్ ఫోల్డ్‌ది ఇంకో కథ. 1961లో స్కాట్లాండ్‌లో ఓ గొర్రెల కాపరి కంటపడిన సూసీ అనే తెల్లపిల్లికి చెవులు ముందుకు మడిచి ఉన్నాయి. గుడ్లగూబలా ముద్దొచ్చే ఆ ముఖమే ఓ జాతికి మూలమైంది. తీరా చూస్తే చెవిని మడిచే లోపం చెవితో ఆగదు, ఒంట్లోని మృదులాస్థినంతటినీ పట్టుకుంటుంది. తోక బిగుసుకుపోతుంది, కీళ్లు నొప్పెడతాయి. అందుకే బ్రిటన్‌లో 1970ల్లోనే ఆ జాతి నమోదు ఆపేశారు. అమెరికాలో మాత్రం షోల్లో చోటిచ్చారు. బొమ్మలా ఉందని ఎగబడి కొనేవాళ్లకు ఈ సంగతి ఎంతమంది చెబుతారో!

మరి సంతానానికి పనికిరాదని తేలిన పిల్లి సంగతేమిటి? దానికి ఆపరేషన్ చేయిస్తారు. షోలు మానక్కర్లేదు... ఆపరేషన్ అయినవాటికి పోటీ వేరే ఉంది. అక్కడ నెగ్గితే 'ఛాంపియన్' అనరు, 'ప్రీమియర్' అంటారు. అంచేత మళ్లీ అదే తెల్లవారుజాము, అదే దువ్వెన, అదే తెల్ల దుప్పటి. పక్క వరసలో ఏ వంశమూ లేని ఊరపిల్లుల పోటీ కూడా జరుగుతుంటుంది. ఇంటి చిన్నపిల్ల ఎక్కువసేపు నిలబడేది అక్కడే.