నాణెం మీదికి రాగానే మెటల్ డిటెక్టర్ ఎందుకు కూస్తుంది?

పల్నాడులో మాచర్ల దగ్గరి నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తకముందే, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వారు. ఇక్ష్వాకుల సీసపు నాణేలతో పాటు రోమన్ బంగారు నాణేలూ దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి పల్నాడు!

ఇలా మట్టిలో దాగిన లోహం సంగతి డిటెక్టర్‌కు ఎలా తెలుస్తుంది? దాని అడుగున రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు వేలసార్లు దిశ మార్చుకుంటూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం తగలగానే నాణెంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు లేస్తాయి. ఆ సుడుల నుంచి పుట్టే క్షేత్రాన్ని పసిగట్టి యంత్రం కూస్తుంది.

అది ఏ లోహమో పోల్చుకోవడమే అసలు విద్య. రాగితో పోలిస్తే సీసం కరెంటును సుమారు పన్నెండో వంతే ప్రవహించనిస్తుంది. అందుకే రాగిలో సుడులు కాసేపు నిలుస్తాయి, సీసంలో త్వరగా అణిగిపోతాయి. ఈ తేడాను యంత్రం తెర మీద అంకెగా చూపిస్తుంది. నాణెం సైజు, లోతు, వాలు మారితే అంకె కూడా మారుతుంది. ఇనుప ఖనిజమున్న మట్టి కూడా కూత పెట్టిస్తుంది కాబట్టి ముందు యంత్రాన్ని ఆ నేలకు సరిచేయాలి. పెరట్లో మేకు, రాగిముక్క, రూపాయి బిళ్ల పాతిపెట్టి ఏ కూత దేనిదో చెవికి అలవాటు చేసుకోవచ్చు.

పాత దిబ్బల మీద మాత్రం వద్దు! నాణెం ఏ మట్టిపొరలో, ఏ కుండపెంకు పక్కన ఉందో చూసి పరిశోధకులు కాలాన్ని తేలుస్తారు. పెరికేస్తే ఆ ఆధారం పోతుంది. రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. మరెక్కడైనా 10 రూపాయల విలువ మించిన నిధి కంటపడితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి.