తీగ కనపడదు.. స్తంభం చూడాలి!
డ్రోన్‌తో మందు కొట్టించే ముందు పొలం చుట్టూ ఒక్కసారి నడవండి

ధర్మపురి: 2023 మార్చిలో కంబైనల్లూరు దగ్గర పొలాల్లోకి వచ్చిన ఓ ఏనుగు చెరువు కట్ట ఎక్కింది. పైన పోతున్న కరెంటు తీగ తగిలి చనిపోయింది. తీగ ఉన్నచోటే ఉంది. కట్ట ఎక్కేసరికి నేలే ఎత్తయింది. పొలంలో డ్రోన్‌ ఎగరేసే రైతులు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క కూడా ఇదే.

పంటను బట్టి ప్రమాదం
మందు కొట్టే డ్రోన్‌ సాధారణంగా పైరుకు రెండు, మూడు మీటర్ల పైన ఎగురుతుంది. వరి మీదైతే నేల నుంచి మూడు, నాలుగు మీటర్లే. ఇక పొలాల మీదుగా పోయే 11 కేవీ దాకా తీగలు నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉండాలని 1956 నాటి విద్యుత్‌ నిబంధనలు చెప్పాయి. వరిలో తప్పించుకున్నా, ఐదారు మీటర్ల మామిడి చెట్ల మీదికి వచ్చేసరికి డ్రోన్‌ సరిగ్గా తీగల ఎత్తులోనే తిరుగుతుంది. ఎండలకు సాగి వేలాడే తీగలైతే వరికీ ముప్పే.

తెలిసిన తీగే తగులుతుంది
ఈ గండం కొత్తదేం కాదు. మందు చల్లేందుకే బెంగళూరు హెచ్‌ఏఎల్‌ ‘బసంత్‌’ అనే విమానం తయారుచేసింది. 1972లో అది తొలిసారి ఎగిరింది. ఇలా పైరును రాసుకుంటూ పోయే పైలట్లకు ఎక్కడైనా కరెంటు తీగే పెద్ద శత్రువు. అమెరికాలో 2013లో ఒక్క ఏడాదే 78 వ్యవసాయ విమాన ప్రమాదాలు జరిగాయి. వాటిలో తీగలు, చెట్లు, స్తంభాలు తగిలినవీ ఉన్నాయి. ముందే చూసిపెట్టుకున్న తీగనే పని హడావుడిలో మరిచి తగిలించినవాళ్లు ఆ వృత్తిలో చాలామందే.

డ్రోన్‌లో మనిషి ఉండడు కదా అనుకుంటాం. కానీ ముప్పు కింద ఉన్నవాళ్లకి. తీగకు చిక్కిన డ్రోన్‌ను కర్రతో లాగబోతే ప్రాణాలకే మోసం. తెగిపడిన తీగ తడి చేలో పడితే అడుగు పెట్టినవాళ్లకు షాక్‌ తప్పదు.

తిరిగొచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త
బ్యాటరీ తగ్గినా, సిగ్నల్‌ పోయినా చాలా డ్రోన్లు ముందే పెట్టిన ఎత్తులో, లేచిన చోటికి నేరుగా వచ్చేస్తాయి. మధ్యలో లైనుంటే పోయి తగులుకోవడమే. ముందున్న అడ్డును పసిగట్టే సెన్సర్లు ఉన్నా, సన్నటి తీగ వాటికీ ఒక్కోసారి అందదు.

ఎగరేసే ముందు..
* తీగను కాదు, స్తంభాలను వెతకండి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే. మోటారు షెడ్డుకు పోయే లైను, స్తంభాన్ని నిలబెట్టే స్టే వైరు మరవొద్దు.
* లైను ఎటు పోతుందో రైతే డ్రోన్‌ నడిపేవారికి చూపించాలి. పొలం సంగతి ఆయనకంటే మీకే బాగా తెలుసు.
* డ్రోన్‌ లేచే చోటుకు, మందు కొట్టే చోటుకు మధ్య లైను ఉండకూడదు.
* లైను కింద నుంచి దూర్చొద్దు. ఆ పట్టీకి చేతి పంపే మేలు.
* ఎదురెండలో తీగ కనపడదు. ఒక మనిషిని పక్కన నిలబెట్టి లైనును చూస్తుండమనండి.
* డ్రోన్‌ చిక్కుకుంటే ఎవరూ దగ్గరికి పోవద్దు. తమిళనాడు విద్యుత్‌ శాఖ ‘మిన్నగం’ నంబరు 94987 94987కు ఫోన్‌ చేయండి. కరెంటు ఆపేశామని వాళ్లు చెప్పేదాకా ఆగండి. వేలాడే తీగలు కనిపించినా ఇదే నంబరుకు చెప్పొచ్చు.

2021 డ్రోన్‌ నిబంధనల ప్రకారం రెండు కిలోల బరువు దాటిన డ్రోన్‌ నడపాలంటే పైలట్‌ సర్టిఫికెట్‌ ఉండాలి. అద్దెకు పిలిచే ముందు అది అడిగి చూడండి. ఎకరా మందు నిమిషాల్లో అయిపోతుంది. చుట్టూ నడిచి చూసుకోవడానికి ఇంకో పది నిమిషాలు పడితే పోయేదేం లేదు.