లొట్టే వరల్డ్: ఆ పేరు వెనక ఒక వలస

ఉద్యోగానికో చదువుకో వెళ్లి దక్షిణ కొరియాలో ఉంటున్న విదేశీయుల్ని సియోల్‌లోని లొట్టే వరల్డ్ ఎలా ఉందని అడిగితే సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది డిస్నీల్యాండ్‌కి నకలు. రెండు, అదేం పేరు? మొదటి మాటకు ఆధారాలు కళ్లముందే ఉన్నాయి. చెరువు మధ్య దీవిలో కోణాల బురుజుల కోట, టోపీ పెట్టుకుని చేతులూపే జంతువు బొమ్మల జంట, రంగురంగుల ఊరేగింపు. గాజు కప్పు కింద రైడ్లు, అడుగున ఐస్ స్కేటింగ్ మైదానం, తల మీదుగా మోనోరైలు. జంతువుల చెవులున్న హెడ్‌బ్యాండ్లు పెట్టుకున్న ప్రేమికులు, చదువు ఎప్పుడో ముగిసినా సరదాకి స్కూలు యూనిఫాం అద్దెకు తెచ్చుకుని ఫొటోలు దిగే యువతీయువకులు కొత్తవాళ్లకు మరీ వింతగా తోస్తారు. ఇక పేరు కొరియన్ మాట కాదు, ఇంగ్లీషు మాటా కాదు. మన చెవికైతే లొట్టలు వేయడం గుర్తొస్తుంది. ఈ రెండు అభిప్రాయాల్నీ విడివిడిగా చూడటం వల్లే పొరపాటు జరుగుతోందని నా వాదన. పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఆ నకలు కోటను చూసే చూపు కూడా మారుతుంది.

ఆ పేరు పెట్టిన మనిషి షిన్ క్యోక్ హో. కొరియా జపాన్ పాలన కింద ఉన్నప్పుడు ఉల్సాన్ ప్రాంతపు పల్లెలో పుట్టి, 1940ల మొదట్లో పని వెతుక్కుంటూ జపాన్ చేరాడు. పాలు, పేపర్లు వేస్తూ చదువుకున్నాడు. రచయిత కావాలని ఆయన కోరిక. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మాత్రం సబ్బులతో మొదలుపెట్టి చూయింగ్ గమ్ తయారీలోకి దిగాడు. 1948లో టోక్యోలో కంపెనీ పెట్టినప్పుడు దానికి తాను ఇష్టంగా చదివిన జర్మన్ నవలలోని నాయిక పేరు పెట్టుకున్నాడు. ఆ నవల గోథే 1774లో ప్రచురించిన ‘వెర్థర్’. అందులో వెర్థర్ ఆరాధించే షార్లొట్‌ని ముద్దుగా లొట్టే అంటారు. ఆమెలాగే తన సరుకునూ జనం ప్రేమించాలన్నది వ్యాపారి లెక్క. జపాన్‌లో ఆ కంపెనీ ప్రకటనల్లో ‘నోటి ప్రియురాలు’ అన్న నినాదం ఏళ్ల తరబడి నడిచింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి మరొకటుంది. ఆ రోజుల్లో జపాన్‌లోని కొరియన్ల మీద వివక్ష తీవ్రంగా ఉండేది. చాలామంది జపాన్ పేర్లు పెట్టుకుని బతికారు. షిన్ కూడా అక్కడ షిగెమిత్సు తకెయో. తన దేశపు పేరు పెడితే సరుకు అమ్ముడుపోని చోట, పాలించిన దేశపు పేరు పెట్టడానికి మనసు ఒప్పని మనిషికి, ఈ రెండింటికీ చెందని మూడో దేశపు పుస్తకం దారి చూపిందని నేను అనుకుంటాను. విదేశీయులకు వింతగా వినిపించే ఆ పేరు మొదట ఒక విదేశీయుడే పరాయి ఊళ్లో పెట్టుకున్నది.

1965లో కొరియా, జపాన్‌ల మధ్య దౌత్య సంబంధాలు కుదిరాక 1967లో షిన్ స్వదేశంలో మిఠాయి కంపెనీ పెట్టాడు. ఆ తర్వాత హోటళ్లు, డిపార్ట్‌మెంట్ స్టోర్లు వచ్చాయి. 1989 జూలైలో సియోల్‌లోని జామ్‌షిల్‌లో లొట్టే వరల్డ్ తెరుచుకుంది. ఆ ఏడాదికి ఉన్న ప్రాధాన్యం కొత్తవాళ్లకు తట్టదు. అంతకు ముందు సంవత్సరమే జామ్‌షిల్‌లో ఒలింపిక్స్ జరిగాయి. సామాన్య కొరియన్లు విహారానికి విదేశాలకు వెళ్లడం మీద అప్పటిదాకా ఆంక్షలుండేవి. అవి పూర్తిగా తొలగింది 1989 జనవరి 1న. అంటే ప్రపంచం తమ దేశానికి వచ్చి వెళ్లడం చూసిన జనం, తాము మాత్రం ఇంకా గడప దాటని సమయం అది. అలాంటి జనానికి యూరప్ వీధులు, సింద్‌బాద్ ప్రయాణం, స్పెయిన్ ఓడ, ‘ఫ్రెంచ్ విప్లవం’ అనే రోలర్‌కోస్టర్ ఒకే కప్పు కింద కనిపించాయి. అదే ప్రాంగణంలో తమ దేశచరిత్రను చిన్నచిన్న నమూనాల్లో చూపే జానపద మ్యూజియం కూడా పెట్టారు. కప్పు వేయడానికీ కారణం ఉంది. సియోల్‌లో చలికాలం ఉష్ణోగ్రత సున్నాకి ఎంతో కిందికి పోతుంది, జూలైలో కుండపోత వానలు. ఆరుబయట పార్కు ఏడాదిలో చాలా రోజులు వెలవెలబోతుంది. మరుసటి ఏడాది తెరిచిన మ్యాజిక్ ఐలాండ్, అంటే ఆ కోట ఉన్న దీవి, ఉన్నది హాన్ నది పాయను పూడ్చగా మిగిలిన చెరువులో. ఆ చోటి పేరుకూ చరిత్ర ఉంది. జామ్‌షిల్ అంటే పట్టుపురుగుల గది. రాజుల కాలంలో అక్కడ పట్టుపురుగులు పెంచేవారు.

అయినా కోట నకలే కదా అంటారు. నిజమే, కాదనను. డిస్నీ లేకపోతే ఆ బురుజులు ఆ తీరున ఉండేవి కావు. కానీ డిస్నీ కోట సైతం యూరప్ కోటలకు నకలే. నకలు అన్నంత మాత్రాన ఒక చోటు గురించి చెప్పడం పూర్తికాదు, ఎవరికోసం ఎందుకు చేశారో కూడా చెప్పాలి. ఇంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. గోథే కథ అంతా కంపెనీ తన గురించి తాను చెప్పుకునే పురాణమనీ, లాభాల వెంట పరుగెత్తే సంస్థకు సాహిత్యపు పూత అనీ అంటే, అందులో న్యాయం ఉంది. 2015లో షిన్ కొడుకులిద్దరూ ఆధిపత్యం కోసం బహిరంగంగా తగువులాడుకున్నప్పుడు ఇది కొరియా కంపెనీయా, జపాన్ కంపెనీయా అని కొరియన్లే నిలదీశారు. అయితే ఆ ప్రశ్న నా వాదనకు బలమే తప్ప లోటు కాదు. పేరును బట్టి తేలని ఆ వివాదం వలసపాలన, వలస బతుకు, తిరిగి రావడం అనే చరిత్రలోంచి పుట్టింది. ఏ ప్రకటనల సంస్థా కూర్చుని అల్లగలిగిన కథ కాదది.

నున్నని పేరు పెట్టుకుంటే ఏం పోతుందో యోంగిన్‌లోని ఎవర్‌ల్యాండ్ అనే మరో వినోద పార్కు చెబుతుంది. 1976లో సామ్‌సంగ్ తెరిచినప్పుడు దాని పేరు యోంగిన్ సహజ వ్యవసాయ క్షేత్రం, ఇంగ్లీషులో ఫార్మ్‌ల్యాండ్. సింహాల సఫారీకి ఆ పేరేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కొరియా యుద్ధం తర్వాత చెట్టూచేమా లేక బోడిగా మిగిలిన కొండల్ని చదును చేసి, పండ్ల చెట్లు నాటి, పందుల్ని పెంచిన భూమి అది. 1996లో పేరు మార్చారు. ఇప్పటి పేరు పలకడానికి సులువే కానీ, ఆ కొండల్ని పచ్చగా చేసిన శ్రమ జాడ అందులో లేదు. పాత పేరే ఉంచి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇదంతా చెప్పినంత మాత్రాన విదేశీయుల ఆశ్చర్యాన్ని తప్పు పట్టినట్టు కాదు. స్థానికులు పట్టించుకోని పేరును ప్రశ్నగా మార్చేది బయటివాళ్లే. పుట్టినప్పటినుంచీ వింటున్న పేరుకు అర్థం అడగాలని ఎవరికీ తోచదు. లోపమల్లా వింత అనేసి అక్కడితో ఆగిపోవడంలో ఉంది. ఈ విషయంలో మనమూ దూరంగా ఏమీ లేము. 2004లో లొట్టే చెన్నైలోని ప్యారీస్ మిఠాయిల కంపెనీని కొన్నది. కాఫీ బైట్ అలా దాని చేతికి వెళ్లింది. ఆకుపచ్చ చుక్కతో అమ్మే లొట్టే చాకోపై మన ఊళ్లలో కిరాణా కొట్టుదాకా వచ్చింది. కొరియాకు చదువుకో ఉద్యోగానికో వెళ్లే మన పిల్లలు సెలవు రోజున తప్పక జామ్‌షిల్ వెళ్తారు. వెళ్లినవాళ్లు రైడ్ల కోసం బారులు తీరడంతో సరిపెట్టుకోకుండా జానపద మ్యూజియంలో ఒక గంట గడపండి. పక్కనే 555 మీటర్ల లొట్టే వరల్డ్ టవర్ ముందు గోథే విగ్రహం కూడా ఉంది, చూసి రండి.