చలువ కళ్లద్దాల ఎంపికలో గమనించవలసినవి
ఎండలోని అతినీలలోహిత కిరణాలు కంటిశుక్లానికి దోహదం చేసే కారణాలలో ఒకటి కాబట్టి, చలువ కళ్లద్దాలు కొనేటప్పుడు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు గల ఆ కిరణాలను అడ్డుకుంటాయని తెలిపే ‘యూవీ 400’ గుర్తును ముందుగా చూడాలి. ఈ రక్షణ లేని ముదురు అద్దాల వెనుక కనుపాప విప్పారి, హానికర కిరణాలు మరింతగా లోపలికి చేరే అవకాశం ఉంటుంది. తీవ్రమైన ఎండకు, 8 నుంచి 18 శాతం వెలుగును మాత్రమే లోనికి పంపే మూడో శ్రేణి అద్దాలు సరిపోతాయి. అంతకంటే ముదురైన నాలుగో శ్రేణివి వాహనం నడపడానికి పనికిరావు. పోలరైజ్డ్ అద్దాలు, అంటే నీటి మీద, తారురోడ్డు మీద పడి ప్రతిఫలించే మిరుమిట్లను వడకట్టేవి, కంటికి హాయినిస్తాయి గాని, వాటికి కూడా యూవీ గుర్తు విడిగా ఉండాలి. మన్నిక కోరేవారికి, గాజులా సులభంగా పగలని పాలీకార్బనేట్ అద్దాలు, గీతలను తట్టుకునే పూత ఉన్నట్లయితే, అనువైనవి. కణతల పక్కనుంచి వచ్చే వెలుగును సైతం ఆపే వెడల్పాటి ఫ్రేము, ముఖాకృతికి నప్పితే, అందాన్నీ రక్షణనూ కలిపి ఇస్తుంది.