సైరన్ మోగే ఊళ్లలో పసిమనసులు: అపోహలు – వాస్తవాలు

సంగారెడ్డి జిల్లాలో 1970ల నుంచి విస్తరిస్తూ వచ్చిన పారిశ్రామికవాడలో, అంటే పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి వంటి ఊళ్లలో, పిల్లల దినచర్యను చాలావరకు కర్మాగారపు షిఫ్టులే నిర్ణయిస్తాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రి పగటిపూట నిద్రపోవాలి కాబట్టి, వంటా పడకా ఒకే గదిలో సాగే ఇళ్లలో పిల్లలు చప్పుడు చేయకుండా గడప బయట పుస్తకాలు ముందేసుకొని కూర్చుంటారు. పక్క మండలాల నుంచే కాక బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ నివసిస్తున్నాయి. ఈ పిల్లల్లో ఎవరి మనసైనా చెదిరినప్పుడు, నిపుణుల కొరత ఒక అడ్డంకి అన్నది నిజమే అయినా, అంతకంటే ముందుగా అడ్డుపడేవి పెద్దల్లో పాతుకుపోయిన నమ్మకాలు.

అపోహ: చిన్నపిల్లలకు మానసిక సమస్యలేమిటి, అవి పెద్దవాళ్లకు వచ్చేవి.

జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వయసువారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు కాబట్టి ఇక్కడి లెక్క దానితో తెలియదు గాని, ఇక్కడి పిల్లలు అందుకు మినహాయింపు అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. పెద్దవారి మానసిక రుగ్మతల్లోనూ దాదాపు సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

పెద్దలు తమ బాధను మాటల్లో చెప్పుకుంటారు, పిల్లలు శరీరంతో చెబుతారు. సోమవారం పొద్దున యూనిఫాం వేసుకునే వేళకు మొదలై, బడి గంట కొట్టిన తర్వాత తగ్గిపోయి, ఆదివారం అసలే కనిపించని కడుపునొప్పి ఇందుకు మంచి ఉదాహరణ. స్కానింగులో ఏమీ లేదని తేలగానే ఇంట్లోవాళ్లు దాన్ని వేషాలుగా తీర్మానిస్తారు. అయితే భయం పుట్టినప్పుడు మెదడు నుంచి జీర్ణకోశానికి వెళ్లే నరాలు నిజంగానే పేగుల కదలికను మార్చివేస్తాయి కాబట్టి ఆ నొప్పి నిజమైన నొప్పే, దాని కారణం మాత్రం కడుపులో ఉండదు. తరగతిలో ఎవరు కొడుతున్నారో, ఏ పాఠం అర్థం కావడం లేదో, ఇంట్లో ఏ గొడవ జరుగుతున్నదో కనుక్కోవడమే అక్కడ తొలి వైద్యం.

వలస కుటుంబాల పిల్లల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇంట్లో ఒడియానో భోజ్‌పురీనో మాట్లాడే బిడ్డ తెలుగు తరగతిలో తొలి నెలల్లో మౌనంగా ఉండటం కొత్త భాష నేర్చుకునే దశలో సహజమే గనుక దాన్ని మందబుద్ధిగా ముద్ర వేయడం అన్యాయం. అదే బిడ్డ ఇంట్లో గలగలా మాట్లాడుతూ, కొత్త భాష అర్థమవుతున్నా నెలల తరబడి బడిలో ఒక్క మాటైనా పలకలేకపోతే, అది కొన్నిచోట్ల మాత్రమే గొంతు పెగలని ఒక రకమైన ఆందోళన రుగ్మత కావచ్చు, అప్పుడు నిపుణులకు చూపించాలి.

అపోహ: గాలి సోకింది, తాయత్తు కడితే పోతుంది.

పరీక్షల వేళ సొమ్మసిల్లి పడిపోవడం, గొంతు మార్చి మాట్లాడటం, పూనకం వచ్చినట్లు ఊగిపోవడం వంటివి కౌమారంలోని ఆడపిల్లల్లో తరచుగా కనిపిస్తాయి. భరించలేని ఒత్తిడిని తట్టుకోవడానికి మనసు తన స్పృహలో ఒక భాగాన్ని పక్కకు తప్పించడం వల్ల ఇలా జరుగుతుంది. దీన్ని వైద్యులు వియోజన స్థితి అంటారు, ఇది నటన కాదు. మూర్ఛ వ్యాధిలోనూ ఇటువంటి లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ముందుగా వైద్య పరీక్ష తప్పనిసరి. దర్గాకు వెళ్లినా గుడికి వెళ్లినా ఆ నమ్మకాన్ని ఎవరూ చిన్నబుచ్చనక్కర్లేదు, ప్రార్థనతోపాటు చికిత్సా సాగవచ్చు. కానీ భూతవైద్యం పేరిట వేపమండలతో కొట్టడం, పొగ పెట్టడం, కట్టేయడం మాత్రం ఆ బిడ్డకు చేసే రెండో గాయం.

అపోహ: నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవక, కుదురుగా కూర్చోలేక, తొందరపాటును అదుపు చేసుకోలేక పోయే స్థితి, మెదడు ఎదుగుదలకు సంబంధించినది కాబట్టి దెబ్బలతో మారదు. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది.

దీనికి భిన్నంగా, ఈ ప్రాంతంలో కొందరు ప్రతి సమస్యకూ కలుషితమైన నక్కవాగు నీళ్లూ రసాయనాల వాసనలే కారణమంటారు. సీసం వంటి లోహాలు పసిమెదడుకు హాని చేస్తాయన్నది రుజువైన విషయం, కాలుష్యంపై ఇక్కడి ప్రజల ఆందోళన న్యాయమైనది. అయినా ఒక బిడ్డ ప్రవర్తనకు అదే కారణమని పరీక్షించకుండా చెప్పలేము, ఆ మాట మీద ఆగిపోతే చికిత్స కూడా ఆగిపోతుంది.

అపోహ: మానసిక వైద్యుడి మందులన్నీ మత్తు మందులే, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి.

పిల్లల్లో చాలా సమస్యలకు మొదటి చికిత్స మందు కాదు. తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ, ఆలోచనలనూ ప్రవర్తననూ క్రమంగా సరిదిద్దే మాటల చికిత్స, బడిలో చేసే చిన్నచిన్న మార్పులు ముందు వస్తాయి. కుంగుబాటు తీవ్రంగా ఉన్న కౌమారులకు ఇచ్చే ఫ్లూక్సెటీన్ మత్తు మందు కాదు, వ్యసనంగా మారే స్వభావం దానికి లేదు. అయితే తొలి వారాల్లో వైద్యుని పర్యవేక్షణ గట్టిగా ఉండాలి, నయమైన తర్వాత కూడా కొన్ని నెలలు కొనసాగించి ఆయన సలహాతోనే ఆపాలి. బొల్లారంలో కర్మాగారాలున్న డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001లో ఇదే మందు 40 మిల్లీగ్రాముల జెనరిక్ రూపాన్ని 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికా మార్కెట్‌కు పంపి పేరు తెచ్చుకున్నది. ఔషధాల తయారీకి పేరుపొందిన నేల మీదే ఆ ఔషధమంటే ఇంత భయం ఉండటం బాధ కలిగించే విషయం.

అపోహ: చూపిస్తే ఎర్రగడ్డలో పడేస్తారు, పేరు పాడవుతుంది.

పటాన్‌చెరు నుంచి హైదరాబాద్‌కు పోయే రహదారి మీదే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది, ఆ ఊరి పేరే తెలంగాణలో ఒక తిట్టుగా మారింది. నిజానికి అక్కడికి వచ్చేవారిలోనూ చాలామంది ఓపీలో చూపించుకొని ఇంటికి తిరిగి వెళ్లేవారే. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను ఆసుపత్రిలో చేర్చుకోవడం అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే జరగాలి. చేర్చుకుంటే పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, తల్లో తండ్రో సంరక్షకులో వెంట ఉండాలి, 72 గంటల్లోపు సంబంధిత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం అదే చట్టం ఇచ్చిన హక్కు. అదీకాక ప్రతి సమస్యకూ నగరం దాకా పోనక్కర్లేదు: 2022లో ప్రారంభమైన సంగారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉంది, వైద్య కళాశాల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉండాలన్నది నిబంధన.

అపోహ: పసివాళ్లకేం తెలుసు, నాలుగు రోజుల్లో మరిచిపోతారు.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు, వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. ఇటువంటి దుర్ఘటనల తర్వాత పిల్లలు ఏడవకుండా ఆడుకుంటూ ఉంటే వారికేమీ అంటలేదని పెద్దలు ఊరట చెందుతారు. దుఃఖం పిల్లల్లో ఎడతెగకుండా ప్రవహించదు, ఆటకూ ఆటకూ మధ్య వచ్చిపోతుంది, వారాలు గడిచాక కొత్త రూపంలో బయటపడుతుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, షిఫ్టు సైరన్‌కు ఉలిక్కిపడి చెవులు మూసుకోవడం, అగ్గిపెట్టెలతో గోడ కట్టి కూల్చే ఆట పదేపదే ఆడటం, డ్యూటీకి బయలుదేరే తల్లి కొంగు వదలకపోవడం అటువంటి రూపాలే.

నాన్న ఊరెళ్లాడని చెప్పడం ప్రేమతో చేసే పనే అయినా మేలు చేయదు, ఎందుకంటే ఆ బిడ్డ రోజూ వాకిలి వైపు చూస్తూ, నాన్న రాకపోవడానికి తన అల్లరే కారణమని లోలోపల నమ్మడం మొదలుపెట్టవచ్చు. ఫ్యాక్టరీలో పెద్ద ప్రమాదం జరిగింది, నాన్న చనిపోయాడు, ఇక తిరిగి రాడు, ఇందులో నీ తప్పేమీ లేదు అని దగ్గరి మనిషి ఒడిలో కూర్చోబెట్టుకొని చెప్పాలి, అడిగినన్నిసార్లు మళ్లీ చెప్పాలి. నిద్ర, తిండి, బడి వేళలను వీలైనంత పాత పద్ధతిలోనే సాగించాలి, టీవీలో ఆ మంటల దృశ్యాలు కంటపడకుండా చూడాలి. చాలామంది పిల్లలు ఇంతమాత్రం ఆసరాతోనే కోలుకుంటారు, నెల దాటినా పీడకలలూ భయాలూ తగ్గకపోతే నిపుణుల సాయం తీసుకోవాలి.

అపోహ: చావు ఆలోచనలున్నాయా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుంది.

నెమ్మదిగా, సూటిగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని, వినే మనిషి ఉన్నాడన్న ఊరటే పిల్లలకు కలుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అటువంటి మరణాలకు మార్కులొక్కటే కారణమని తేల్చేయడం పొరపాటు, చాలాసార్లు అంతకు ముందే పేరుకున్న కుంగుబాటును ఎవరూ గమనించి ఉండరు. విశాఖపట్నంలో చదువుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు జారీ చేస్తూ, 100 మంది అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలరు ఉండాలని ఆదేశించింది. ఆ కౌన్సిలరు తమ పిల్లల బడిలో, కళాశాలలో ఉన్నారా అని అడిగే అధికారం ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది, ఈ ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో ఆ ప్రశ్న తప్పక అడగాలి.

రాత్రి షిఫ్టులో ఉన్నవారికి ఆసుపత్రి వేళలు కుదరకపోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన, ఫోన్లో మానసిక ఆరోగ్య సలహా అందించే టెలీ మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా పనిచేస్తుంది. తెలుగుతోపాటు హిందీ, ఒడియా, బెంగాలీ సహా 20 భాషల్లో మాట్లాడవచ్చు.