లాక్‌ పడిన ఫోన్‌... లోపలే నాన్న వివరాలు!

మొన్న ఎండాకాలంలో మా కాలనీ పార్కులో ఓ పెద్దాయన నడుస్తూ నడుస్తూ బెంచీ పక్కన కూలబడిపోయారు. చుట్టూ పదిమంది చేరారు. ఒకరు 108కి ఫోన్‌ చేశారు. ఇంకొకరు నోట్లో నీళ్లు పోయబోతే పక్కనున్నాయన ఆపారు. మంచి పని చేశారు, స్పృహ సరిగా లేనివారికి నీళ్లు పడితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెద్దాయన చొక్కా జేబులో మంచి ఖరీదైన ఫోనే ఉంది. కానీ లాక్‌ పడింది. ఆయన వేలే పెట్టి చూశారు, చెమటకు తెరుచుకోలేదు. షుగర్‌ ఉందా? గుండెకు మందులు వాడుతున్నారా? ఇంట్లోవాళ్ల నంబరేంటి? ఎవరికీ తెలియదు. చివరికి వాచ్‌మన్‌ గుర్తుపట్టి వాళ్లింటికి పరుగెత్తాడు.

ఆయన కోలుకున్నారు. తర్వాత వాళ్ల కోడలు మా ఇంటికొచ్చి, ‘మామయ్యగారికి ఏదైనా స్మార్ట్‌వాచ్‌ కొందామనుకుంటున్నాం, ఏది మంచిది?’ అని అడిగింది. ‘వాచీ సంగతి తర్వాత, ముందు ఆయన ఫోన్‌ ఇటు తీసుకురా అమ్మా’ అన్నాను.

లాక్‌ తీయకుండానే ఆరోగ్య వివరాలు, ఇంట్లోవాళ్ల నంబర్లు చూపించే ఏర్పాటు ఇప్పుడు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో ఉంది. పైసా ఖర్చు లేదు. ఆండ్రాయిడ్‌ ఫోన్‌ అయితే సెట్టింగ్స్‌లో ‘సేఫ్టీ అండ్‌ ఎమర్జెన్సీ’ అని ఉంటుంది. కంపెనీని బట్టి పేరు కొంచెం మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌ పైనుండే సెర్చ్‌లో ‘ఎమర్జెన్సీ’ అని కొట్టండి. ఐఫోన్‌లో అయితే ‘హెల్త్‌’ యాప్‌ తెరిచి, మూలనున్న మన బొమ్మ మీద నొక్కితే ‘మెడికల్‌ ఐడీ’ కనిపిస్తుంది. అందులో ‘షో వెన్‌ లాక్డ్‌’ ఆన్‌ చేయడం మరవొద్దు. అన్నీ నింపి అది ఒక్కటి వదిలేస్తే పడ్డ శ్రమంతా వృథా.

ఏం రాయాలి? షుగర్‌, బీపీ, ఆస్తమా, మూర్ఛ వంటి జబ్బులు. ఇన్సులిన్‌, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే తప్పనిసరిగా వాటి పేర్లు. ఏ మందు పడదో అది. స్టెంటు, పేస్‌మేకర్‌ ఉంటే ఆ సంగతి. ఆధార్‌ నంబరు, ఇంటి అడ్రసు మాత్రం వద్దు. ఫోన్‌ ఎవరి చేతిలో పడితే వారికి ఈ వివరాలు కనిపిస్తాయి కదా!

నంబర్ల దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మొదటి నంబరుగా అమెరికాలో ఉన్న అబ్బాయిది పెడతారు. ఇక్కడ పొద్దున ఆరున్నరకు నాన్న పడిపోతే అబ్బాయి ఏ మీటింగులోనో, కారులోనో ఉంటాడు. పది నిమిషాల్లో రాగలిగేవారి నంబరు ముందు పెట్టండి. అబ్బాయిది మూడోది అయినా ఫర్వాలేదు, వాడేమీ నొచ్చుకోడు. అన్నీ అయ్యాక ఫోన్‌ లాక్‌ చేసి, తెర మీద ‘ఎమర్జెన్సీ’ నొక్కి వివరాలు కనిపిస్తున్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

మనకే ఒంట్లో బాగాలేకపోతే? 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో అత్యవసర మీట ఉండాలన్న నిబంధన ఉంది. కీప్యాడ్‌ ఫోన్‌లో 5 లేదా 9 అంకెను నొక్కిపట్టాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్‌ బటన్‌ను గబగబా మూడుసార్లు, కొన్నింటిలో అయిదుసార్లు నొక్కితే కాల్‌ 112కి వెళ్తుంది. మీ ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కాలో అదే సెట్టింగ్స్‌లో చూసి అమ్మానాన్నలకు నేర్పండి.

ఇక వాచీ డబ్బుల సంగతి. గుండె లయ తప్పే సమస్య ఉందని డాక్టరు చెబితే వాచీ కొంత పనికొస్తుంది. బీపీ కోసమైతే దాన్ని నమ్ముకోవద్దు. కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతామనే యాప్‌లను అసలే నమ్మొద్దు. అంతకంటే తక్కువ డబ్బుతో మంచి బీపీ మిషన్‌ వస్తుంది. అదీ మణికట్టుకు కట్టేది కాదు, మోచేతి పైన చుట్టేది.

ఇక్కడ మా ఇంటి కథ చెప్పాలి. రెండేళ్ల కిందట అమ్మకు మిషన్‌ కొన్నాం. రోజూ పైఅంకె 150 దగ్గర చూపించేది. అమ్మ భయపడి ఆవకాయ మానేసింది, నిద్ర కూడా పట్టేది కాదు. డాక్టరు దగ్గర చూపిస్తే 138 వచ్చింది. ఆయన అమ్మ చేయి చూసి, ‘మీ మిషన్‌ పట్టీ ఏ సైజమ్మా?’ అని అడిగారు. మిషన్‌తోపాటు వచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోయేది. అమ్మ చేతి చుట్టుకొలత 35. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. దానికితోడు పట్టీ ఉబ్బుతుండగానే వంటమనిషితో మాట్లాడటం, మధ్యలో మాకు పనులు పురమాయించడం! మాట్లాడినా బీపీ పెరుగుతుంది. ఆ దుకాణంవాళ్లు చేతి కొలత అడగలేదు. మాకూ తట్టలేదు.

కాబట్టి టైలరు టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత తీసుకున్నాకే కొనడానికి వెళ్లండి. 32 దాటితే పెద్ద పట్టీ అడగండి. చూసుకోవడానికి అరగంట ముందు నుంచీ కాఫీ, టీ వద్దు. మూత్రానికి వెళ్లివచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇంట్లో చూసుకునే బీపీ చాలా రోజుల సగటున 135/85 దాటుతుంటే డాక్టరుకు చూపించాలి. ఒక్కరోజు అంకె చూసి మాత్ర పెంచుకోవడం, మానేయడం రెండూ ప్రమాదమే. 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలూచేయీ పట్టు తప్పడం ఉంటే మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి.

పుస్తకంలో రాయడం బద్ధకమా? మిషన్‌ తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. తేదీ, సమయం ఫోనే గుర్తుపెట్టుకుంటుంది. మా ఇంట్లో ‘అమ్మ బీపీ’ అని ఒక ఆల్బమ్‌ ఉంది. దాన్ని చూసే డాక్టరు ఈసారి మాత్ర పెంచలేదు.

మందు స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ తేదీ కనిపించక అవస్థ పడేవాళ్లూ ఇలాగే ఫొటో తీసి వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 రకాల బ్రాండ్ల మందులపై క్యూఆర్‌ కోడ్‌ కూడా ఇస్తున్నారు. స్కాన్‌ చేస్తే మందు పేరు, బ్యాచ్‌ నంబరు, గడువు తేదీ వస్తాయి.

పార్కు పెద్దాయన ఫోన్‌లో వివరాలు నింపడానికి పావుగంట పట్టింది. అందులో పది నిమిషాలు ఆయన బ్లడ్‌గ్రూప్‌ వెతకడానికే. కోడలు పాత ఫైళ్లన్నీ తిరగేస్తే చివరికి డ్రైవింగ్‌ లైసెన్సు మీద దొరికింది.