సరళరేఖ ప్రేమకథ

ప్రేమలో పడ్డవాడి సందేహాన్ని నవ్వు పుట్టేలా చెప్పడానికి మనిషి బొమ్మ కూడా అక్కర్లేదని నిరూపించిన చిత్రం ‘ది డాట్ అండ్ ది లైన్’. ఎం.జి.ఎం. సంస్థ కోసం చక్ జోన్స్ తీసిన ఈ పది నిమిషాల కార్టూను చిత్రానికి 1965 సంవత్సరపు ఆస్కార్ బహుమతి వచ్చింది. మూలం నార్టన్ జస్టర్ 1963లో రాసిన చిన్న పుస్తకం. ఆయన వృత్తిరీత్యా ఆర్కిటెక్టు.

ఇందులో సరళరేఖ ప్రియుడు, బిందువు ప్రియురాలు. ఆమె మనసు మాత్రం ఒక పిచ్చిగీత మీద ఉంది. రేఖ బిగదీసుకుని ఉంటాడని, వాడిలో హుషారు లేదని ఆమె ఫిర్యాదు. రేఖ కుంగిపోతాడు, తానొక సాహసవీరుణ్ణని పగటికలలు కంటాడు, చివరికి పట్టుబట్టి వంగడం నేర్చుకుంటాడు. మొదట ఒక కోణం, తర్వాత చతురస్రాలు, ఆ పైన ఎంతో జటిలమైన వక్రరేఖలు. బిందువు మనసు మారుతుంది.

హాస్యం పుట్టేది కథలో కాదు, చెప్పే తీరులో. తెర మీద కళ్లూ ముక్కూ లేని గీత. వెనక నుంచి రాబర్ట్ మోర్లీ గొంతు మహాకావ్యం చదువుతున్నంత గంభీరంగా సాగుతుంది. మాట బరువుకీ బొమ్మ అల్పత్వానికీ మధ్య ఉన్న ఎడమే నవ్వు. వ్యంగ్యం రాసేవాళ్లు ఈ కిటుకు గమనించాలి.

వంగడం వచ్చిన కొత్తలో రేఖ తనకు తానే చిక్కుపడిపోతాడు. స్వేచ్ఛకూ అరాచకానికీ తేడా అప్పుడు తెలుస్తుంది. ఛందస్సు వదిలేస్తే చాలు వచనకవిత్వం వచ్చేస్తుందనుకునే మన యువకవులకు ఈ ఘట్టం చూపించాలనిపిస్తుంది.

అయితే గణితంలోకి మార్చగానే ప్రేమలోంచి సమాజం మాయమయిందనుకోకూడదు. మాయం చేశారు. పటాన్‌చెరు పక్క ఇంద్రేశంలో గది అద్దెకు తీసుకుని కార్ఖానాలో షిఫ్టులు చేసే కాంట్రాక్టు కుర్రవాడికీ సందేహం ఉంటుంది. అది తన వంపుల గురించి కాదు. వచ్చే నెల పని ఉంటుందా, అమ్మాయి ఇంట్లో కులం అడిగితే ఏం చెప్పాలి అని. ఎంత సాధన చేసినా అతను తీర్చుకోలేని సందేహాలవి. కష్టపడితే ప్రేమ దక్కుతుందన్న చిత్రం సూత్రం మధ్యతరగతికి తియ్యగా ఉండేది అందుకే.

ఇంకా పెద్ద లోటు బిందువు పాత్ర. రేఖ మారతాడు, పిచ్చిగీత పరువు పోతుంది. ఆమె మాత్రం ఉన్నచోటే ఉండి ఇద్దరిలో ఒకరిని ఎంచుకుంటుంది. మన ‘కన్యాశుల్కం’లో గిరీశం అచ్చమైన పిచ్చిగీత. బుచ్చమ్మ ఆ మాటల గారడీకే లోబడి ఇల్లు విడిచింది. కాని 1909 నాటి రూపంలో గురజాడ ఆమెను ఇంకొక మంచి మగవాడికి ముట్టజెప్పి కథ ముగించలేదు. పూనాలోని విడోస్ హోమ్‌కు, చదువుకు, దారి చూపించాడు. చక్ జోన్స్ తెర మీద బిందువుకు అలాంటి మూడో దారి గీయబడలేదు.